సూక్ష్మ నమూనాల ప్రామాణికత: విక్రాంత్ యుద్ధవిమానాల ఆధారంగా ఒక పరిశీలన పద్ధతి

వ్యాససంగ్రహం

విమానవాహక నౌకల నమూనాలపై కనిపించే విమానాలు తరచుగా 1/700 కొలతలో ఉంటాయి. పన్నెండు మీటర్ల యుద్ధవిమానం అక్కడ పదిహేడు మిల్లీమీటర్ల వస్తువు అవుతుంది. అంత చిన్న ప్రతి మూలానికి విధేయంగా ఉందో లేదో నిర్ణయించడానికి ఏ ప్రమాణాలు పనికివస్తాయో వివరించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం. 1971లో బంగాళాఖాతంలో పనిచేసిన ఐ.ఎన్.ఎస్. విక్రాంత్, దాని విమానాలు ఇందుకు ఉదాహరణలు. మూలనిర్ణయం, ఆధారాల విలువ, కొలతలు, నిష్పత్తులు, ఆకృతి లక్షణాలు, కంటి పరిమితి, రంగులు, చిహ్నాలు అనే అంశాలను వరుసగా చర్చించి, దోషాలను సంఖ్యను బట్టి కాక స్వభావాన్ని బట్టి తూచాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు పరిశోధకులకు పరిచితమైన పాఠపరిష్కరణ పద్ధతి ఈ పరిశీలనకు ఎలా తోడ్పడుతుందో కూడా సూచిస్తుంది.

కీలకపదాలు: సూక్ష్మ నమూనా, స్కేలు, విక్రాంత్, సీ హాక్, అలిజే, సీ హారియర్, పాఠపరిష్కరణ, తాళమానం, కాలదోషం.

1. ఉపోద్ఘాతం

1971 డిసెంబర్ 4న ఐ.ఎన్.ఎస్. విక్రాంత్ నుంచి లేచిన సీ హాక్ విమానాలు నాటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్ స్థావరాలపై దాడులు ప్రారంభించాయి. ఆ ముందురాత్రే, విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖపట్నం తీరానికి సమీపంలో మునిగిపోయింది. ఈ కారణంగా విక్రాంత్ చరిత్రలో తెలుగుతీరానికి ఒక స్థానం ఉంది. 2017లో వచ్చిన ‘ఘాజీ’ చలనచిత్రం ఆ ఘట్టాన్ని కొత్తతరానికి మరొకసారి పరిచయం చేసింది.

అయితే ఆ నౌక నేడు లేదు. 1961 మార్చి 4న నౌకాదళంలో చేరిన విక్రాంత్ 1997 జనవరి 31న సేవ నుంచి విరమించింది. కొంతకాలం ముంబయిలో ప్రదర్శనశాలగా నిలిచి, 2014లో తుక్కు కింద అమ్ముడుపోయింది. దాని ఉక్కులో కొంత భాగాన్ని కరిగించి 2016లో విడుదలైన బజాజ్ వి15 మోటారుసైకిల్ తయారీలో వాడారు. మూలవస్తువు కళ్ల ఎదుట ఉన్నంతకాలం నమూనాలో తప్పు ఉంటే సరిచూసుకోవచ్చు. మూలం కరిగిపోయిన తరువాత ఛాయాచిత్రాలు, చిత్తుపటాలు, జ్ఞాపకాలు, నమూనాలు మాత్రమే మిగులుతాయి. వీటిలో సామాన్యప్రేక్షకుడి మనసులో బలంగా నాటుకునేది నమూనాయే. అది మూడు కొలతల్లో ఉంటుంది, చుట్టూ తిరిగి చూడవచ్చు. అందుచేత దానిలోని తప్పు కూడా అంతే బలంగా నాటుకుంటుంది.

మండపేట వంటి డెల్టాపట్టణాల కళాశాలల నుంచి విశాఖకు విజ్ఞానయాత్రకు వెళ్లే విద్యార్థులు సాగరతీరంలో కురుసుర జలాంతర్గామిని, టి.యు.-142 విమానాన్ని స్వయంగా చూడగలరు. విక్రాంత్‌ను మాత్రం నమూనాగానే చూడగలరు. నమూనా చెప్పేదాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అనే ప్రశ్న ఇక్కడ కేవలం అభిరుచికి చెందినది కాదు. అది చరిత్రకు సంబంధించిన ఆధారాన్ని పరీక్షించే ప్రశ్న.

2. బొమ్మకు, నమూనాకు గల భేదం

కొండపల్లి బొమ్మల్లో అంబారీ ఏనుగును చూసినప్పుడు దాని తొండం కొలతకు సరిపోయిందా అని ఎవరూ అడగరు. తేలికైన పొణికికర్రతో చేసిన ఆ బొమ్మ ఏనుగుజాతిని, ఊరేగింపు వైభవాన్ని సూచిస్తుంది. ఒకానొక ఏనుగును అది సూచించదు. ఏటికొప్పాక లక్కబొమ్మలదీ అదే మార్గం. వాటిలో అవయవాల హెచ్చుతగ్గులు శిల్పి ఎంపిక. వాటిని దోషాలుగా లెక్కించడం విమర్శకుడి పొరపాటు అవుతుంది.

స్కేలు నమూనా మరొక వాగ్దానం చేస్తుంది. పెట్టెపై 1/700 అని ముద్రించిన క్షణం నుంచి ‘ఇందులోని ప్రతి కొలతను 700తో హెచ్చిస్తే మూలం వస్తుంది’ అని అది చెబుతున్నట్లే. ఆ వాగ్దానం ఎంతవరకు నెరవేరిందన్నదే ప్రామాణికత. ఈ స్కేలు విస్తృతప్రచారం పొందడానికి ముఖ్యకారణం జపాన్‌లోని షిజువోకా నగరానికి చెందిన నమూనా తయారీ సంస్థలు కలిసి 1971లో ప్రారంభించిన ‘వాటర్‌లైన్’ శ్రేణి. ఓడను నీటిమట్టం వరకే చూపించి, అడుగుభాగాన్ని వదిలివేయడం ఆ శ్రేణి ప్రత్యేకత. విక్రాంత్ మొత్తం పొడవు 700 అడుగులు కాబట్టి ఈ స్కేలులో ఆ నౌక సరిగ్గా ఒక అడుగు ఉంటుంది. పాఠకులు ఈ ఒక్క లెక్కను గుర్తుంచుకుంటే మిగిలిన కొలతలను ఊహించడం సులభం.

3. మూలనిర్ణయం

ఒక కావ్యప్రతి శుద్ధమైనదా అని అడిగే ముందు అది ఏ కావ్యానికి ప్రతి అన్నది తేలాలి. నమూనా విషయంలోనూ మొదటి మెట్టు ఇదే. ‘విక్రాంత్ విమానం’ అన్న మాట సరిపోదు. ఏ విక్రాంత్, ఏ విమానం, అందులో ఏ రకం, ఏ సంవత్సరం అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానం ఉండాలి.

మొదటి ప్రశ్న అనవసరంగా కనిపించవచ్చు. కాని ఒకే పేరు గల కవులు సాహిత్యచరిత్రలో కలిగించే చిక్కు వంటిదే ఇక్కడా ఉంది. 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో నౌకాదళంలో చేరిన కొత్త నౌక పేరు కూడా విక్రాంతే. దాని పొడవు సుమారు 262 మీటర్లు. అంటే 1/700 లో సుమారు 37 సెంటీమీటర్లు. పాత విక్రాంత్ కంటే ఇది సుమారు ఏడు సెంటీమీటర్లు ఎక్కువ.

రెండవ ప్రశ్నకు సమాధానం కాలాన్ని బట్టి మారుతుంది. 1971లో పాత విక్రాంత్‌పై ఉన్న ముఖ్యవిమానాలు రెండు. 300వ స్క్వాడ్రన్‌కు చెందిన సీ హాక్ జెట్ విమానాలు దాడులకు ఉపయోగపడ్డాయి. 310వ స్క్వాడ్రన్‌కు చెందిన ఫ్రెంచి బ్రెగె సంస్థ విమానం అలిజే జలాంతర్గాములను వెతకడం కోసం రూపొందినది. 1983 చివరి నుంచి సీ హారియర్లు భారత్‌కు రావడం మొదలై, అదే 300వ స్క్వాడ్రన్ వాటిని స్వీకరించింది. సీ హారియర్ల కోసం 1980లలో నౌకలోనే మార్పులు జరిగాయి. విమానాన్ని ముందుకు విసిరే ఆవిరి కాటాపుల్ట్‌ను తొలగించారు. నౌక ముందుభాగంలో పైకి వంగిన స్కీ-జంప్‌ను అమర్చారు. కనుక స్కీ-జంప్ ఉన్న విక్రాంత్‌పై సీ హాక్‌లను నిలిపిన నమూనా ఎంత అందంగా ఉన్నా, చరిత్రలో ఏనాడూ లేని దృశ్యాన్ని చూపిస్తుంది. సాహిత్యవిమర్శలో దీన్ని కాలదోషం అంటాం.

మూడవ ప్రశ్న మరింత సూక్ష్మమైనది. భారత నౌకాదళం బ్రిటన్ నుంచి తెచ్చుకున్న సీ హాక్‌లతో పాటు, పశ్చిమ జర్మనీ వాడి విరమించిన విమానాలను కూడా 1960లలో కొనుగోలు చేసింది. జర్మనీ కోసం తయారైన రకాల్లో నిలువుతోక, దాని చుక్కాని బ్రిటిష్ రకాల కంటే ఎత్తుగా ఉంటాయి. ఒకే పేరుతో, ఒకే దేశం గుర్తులతో ఉన్న విమానాల్లో రెండు పాఠాంతరాలు ఉన్నాయన్నమాట. తోక పొడవుగా ఉందన్న కారణంతో ఒక నమూనాను వెంటనే తప్పుపట్టడం గాని, పొట్టిగా ఉందని మెచ్చుకోవడం గాని తగదు. అది ఏ విమానానికి ప్రతి అన్నది తేలేవరకు తీర్పును నిలిపి ఉంచాలి.

4. ఆధారాల విలువ

మూలం ఏదో తేలిన తరువాత దాన్ని గురించిన సాక్ష్యాలను సేకరించాలి. ఇవి నాలుగు విధాలు.

మొదటిది మిగిలిన విమానాలు. 1998లో గోవాలో ప్రారంభమైన నౌకాదళ వైమానిక ప్రదర్శనశాలలో సీ హాక్, అలిజే, సీ హారియర్ విమానాలు ఉన్నాయి. విశాఖ సాగరతీరంలోనూ ఒక సీ హారియర్ ప్రదర్శనలో ఉంది. కొలతలకు, ఆకృతికి ఇంతకు మించిన సాక్ష్యం లేదు. రంగుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఆరుబయట ఎండకు, ఉప్పుగాలికి నిలిచే విమానానికి ఎప్పటికప్పుడు కొత్తరంగు వేస్తారు. ఆ రంగు ప్రదర్శనశాల కాలానికి చెందినది, యుద్ధకాలానికి చెందినది కాకపోవచ్చు. శిథిలమైన తాళపత్రాన్ని తిరగరాసిన లేఖకుడు తన కాలపు వర్ణక్రమాన్ని చేర్చినట్లే ఇదీ జరుగుతుంది.

రెండవది ఆ కాలపు ఛాయాచిత్రాలు. చిహ్నాలకు, అమరికకు ఇవే ప్రధానం. అయితే ఛాయాచిత్రంలో దగ్గరి భాగం పెద్దదిగా, దూరపు భాగం చిన్నదిగా పడుతుంది. ముందువైపు నుంచి తీసిన చిత్రంలో ముక్కు అసలు కంటే పెద్దదిగా కనిపిస్తుంది. కాబట్టి ఛాయాచిత్రం నుంచి నేరుగా కొలత తీసుకోకూడదు. ఒకే తలంలో, కెమెరాకు ఒకే దూరంలో ఉన్న రెండు భాగాల మధ్య నిష్పత్తిని మాత్రమే తీసుకోవాలి.

మూడవది తయారీసంస్థ లెక్కలు. రెక్కల విస్తారం, పొడవు, ఎత్తు వంటి ప్రధానకొలతలకు ఇవి నమ్మదగినవి.

నాలుగవది పుస్తకాల్లో, పత్రికల్లో వచ్చే మూడువైపుల చిత్తుపటాలు. వీటిని ఎక్కువమంది వాడతారు, తక్కువమంది పరీక్షిస్తారు. ఒక పటాన్ని చూసి మరొకటి గీయడం సాధారణం. అటువంటప్పుడు రెండు పటాలు ఏకీభవించినంత మాత్రాన ఇద్దరు సాక్షులు ఉన్నట్లు కాదు, ఒకే సాక్షి రెండుసార్లు మాట్లాడినట్లు. పాఠపరిష్కరణలో ఒక సూత్రం ఉంది. రెండు ప్రతుల్లో ఒకే ఒప్పు ఉండడం సంబంధాన్ని నిరూపించదు, ఒకే విచిత్రమైన తప్పు ఉండడం సంబంధాన్ని సూచిస్తుంది. చిత్తుపటాలకూ, వాటిని నమ్మి చేసిన నమూనాలకూ ఈ సూత్రం అక్షరాలా వర్తిస్తుంది. వేరువేరు తయారీదారుల నమూనాల్లో ఒకే అసాధారణదోషం కనిపిస్తే, వారంతా ఒకే పటాన్ని ఆధారం చేసుకున్నారని అనుమానించవచ్చు.

5. కొలతలు, నిష్పత్తులు

ఈ మూడు విమానాల ప్రధానకొలతలు, 1/700 లో వాటి విలువలు ఇలా ఉంటాయి.

సీ హాక్: రెక్కల విస్తారం 11.89 మీటర్లు, పొడవు 12.09 మీటర్లు. నమూనాలో 17.0 మి.మీ., 17.3 మి.మీ.

అలిజే: రెక్కల విస్తారం 15.60 మీటర్లు, పొడవు 13.86 మీటర్లు. నమూనాలో 22.3 మి.మీ., 19.8 మి.మీ.

సీ హారియర్: రెక్కల విస్తారం 7.70 మీటర్లు, పొడవు 14.50 మీటర్లు. నమూనాలో 11.0 మి.మీ., 20.7 మి.మీ.

0.02 మి.మీ. వరకు చూపే వెర్నియర్ కాలిపర్ ఉంది. 700తో హెచ్చిస్తే అది 1.4 సెంటీమీటర్లు. కాబట్టి ఈ పనికి ఆ పరికరం చాలు. రంగు వేయకముందే కొలవడం మంచిది. రంగుపూత మందం 0.05 మి.మీ. ఉంటే, రెండు చివరలా కలిపి 0.1 మి.మీ. పెరుగుతుంది. అసలు విమానంలో అది ఏడు సెంటీమీటర్లకు సమానం.

కొలతలను విడివిడిగా చూడడం కంటే నిష్పత్తిగా చూడడం ఎక్కువ ఫలితాన్ని ఇస్తుంది. మన ప్రతిమాశాస్త్రంలో తాళమానం ఈ సూత్రం మీదనే నిలిచింది. విగ్రహం జానెడుదైనా నిలువెత్తుదైనా ముఖప్రమాణాన్ని ఒక తాళంగా, దాన్ని పన్నెండు అంగుళాలుగా విభజించి మిగిలిన అవయవాలను లెక్కిస్తారు. ఇక్కడ అంగుళం బయటి కొలబద్ద నుంచి రాదు, ఆ విగ్రహం నుంచే వస్తుంది. అందువల్ల పరిమాణం మారినా రూపం చెడదు. విమానానికి కూడా దాని పొడవునే ఒక తాళంగా భావించవచ్చు. అప్పుడు సీ హాక్ రెక్కల విస్తారం దాని పొడవులో 0.98 వంతు, అలిజేకు 1.13 వంతు, సీ హారియర్‌కు 0.53 వంతు అవుతుంది. పైనుంచి చూస్తే సీ హాక్ దాదాపు చతురస్రంలో ఇముడుతుంది, అలిజే అడ్డంగా విస్తరిస్తుంది, సీ హారియర్ వెడల్పుకు దాదాపు రెట్టింపు పొడవుంటుంది.

ఈ పద్ధతి ఉపయోగం ఒక ఊహాత్మక ఉదాహరణతో స్పష్టమవుతుంది. ‘క’ అనే సీ హాక్ నమూనాలో రెక్కల విస్తారం 16.0, పొడవు 16.3 మి.మీ. ఉన్నాయనుకుందాం. రెండు కొలతలూ తక్కువే, కాని నిష్పత్తి 0.98. అంటే రూపం చెడలేదు, మొత్తం విమానం సుమారు 1/742 స్కేలులో తయారైంది. ‘గ’ అనే నమూనాలో విస్తారం 17.0, పొడవు 16.0 మి.మీ. ఇక్కడ ఒక కొలత కచ్చితంగా సరిపోయింది, కాని నిష్పత్తి 1.06. దేహం కురచబారి విమానం వేరొక విమానంగా కనిపిస్తుంది. సరిపోయిన కొలతల సంఖ్యను బట్టి చూస్తే ‘గ’ మేలు, నిష్పత్తిని బట్టి చూస్తే ‘క’ మేలు. కంటికి కూడా ‘క’ యే సీ హాక్‌గా తోస్తుంది. అయితే ‘క’ను సరైన స్కేలులో ఉన్న అలిజేల పక్కన నిలిపితే దాని లోపం బయటపడుతుంది. ఒంటరిగా చూసేటప్పుడు నిష్పత్తి, సమూహంలో చూసేటప్పుడు కొలత ప్రధానమవుతాయి. ఈ వ్యాసం సూచించే హద్దులు ఇవి: మొత్తం కొలతల్లో రెండు శాతం, నిష్పత్తిలో 0.02. సీ హాక్ విషయంలో రెండు శాతం అంటే మూడోవంతు మిల్లీమీటరు. జాగ్రత్తగా చేసిన అచ్చుకు ఇది అసాధ్యమైన నియమం కాదు.

6. ఆకృతి లక్షణాలు

కొలతలన్నీ సరిపోయినా విమానం గుర్తుపట్టరాకుండా ఉండవచ్చు. ప్రతి విమానానికి దాన్ని ఇతరాల నుంచి వేరుచేసే అసాధారణధర్మాలు కొన్ని ఉంటాయి. తర్కశాస్త్రంలో లక్షణం అన్న మాటకు అర్థం ఇదే.

సీ హాక్‌కు వెనక్కి వాలని తిన్నని రెక్కలు ఉంటాయి. గాలి లోపలికి వెళ్లే ద్వారాలు రెక్కల మొదళ్ల దగ్గర ఉంటాయి. ఒకే జెట్ ఇంజన్ ఉన్నా, వేడిగాలి రెండుగా చీలి రెక్కల వెనుక దేహానికి ఇరుపక్కల నుంచి బయటికి వస్తుంది. తోక చివర పెద్ద రంధ్రం ఉండదు. అడ్డతోక నిలువుతోక మధ్యభాగంలో ఉంటుంది. తోక చివర జెట్ రంధ్రాన్ని చూపిన నమూనా, జెట్ విమానాలన్నీ ఒకేలా ఉంటాయన్న ఊహతో చేసినదని చెప్పవచ్చు.

అలిజేకు ముక్కున నాలుగు రేకుల ప్రొపెల్లర్ ఉంటుంది. రెక్కల ముందు అంచును దాటి ముందుకు పొడుచుకువచ్చిన రెండు తొడుగులు దీని ప్రధానలక్షణం. చక్రాలు ముడుచుకునేదీ, ధ్వనిని పసిగట్టే పరికరాలు ఉండేదీ వాటిలోనే. పొట్టకింద రాడార్ గోపురం ఎగిరేటప్పుడు కిందికి దిగుతుంది, నేలమీద లోపలికి ముడుచుకుంటుంది. డెక్‌పై నిలిచిన అలిజేకు గోపురం కిందికి దిగి కనిపిస్తే అది దోషం.

సీ హారియర్‌కు రెక్కలు మొదలు నుంచి చివరకు కిందికి వాలి ఉంటాయి. దేహానికి ఇరువైపులా రెండేసి చొప్పున నాలుగు జెట్ నాళాలు, రెక్కల చివరల దగ్గర చిన్న ఆధారచక్రాలు, ఎత్తుగా ఉబికిన కాక్‌పిట్ గాజుకప్పు దీని గుర్తులు. రెక్కల వాలును తిన్నగా చేసిన నమూనాలో మిగిలినవన్నీ ఉన్నా సీ హారియర్ స్వభావం పోతుంది.

ఈ లక్షణాలు అచ్చులో ఎందుకు పోతాయో కూడా పరిశీలకుడికి తెలియాలి. రెండు సగాల ఉక్కు అచ్చు మధ్య ప్లాస్టిక్‌ను నింపి, అచ్చును పైకీ కిందికీ తెరిచి వస్తువును తీస్తారు. తెరిచే దిశకు అడ్డంగా ఉన్న గుంటలను ఆ అచ్చు ఇవ్వలేదు. అందుకే పక్కలనున్న గాలిద్వారాలు, జెట్ నాళాలు పూడుకుపోయినట్లు వస్తాయి. రెసిన్ పోతలో, త్రిమితీయ ముద్రణలో ఈ అడ్డంకి తక్కువ. ముద్రణలో మరొక సమస్య ఉంది. పొర మందం 0.05 మి.మీ. అయితే అసలు విమానంలో అది మూడున్నర సెంటీమీటర్ల మెట్టు. వంపుతిరిగిన రెక్కపై ఆ మెట్లు గీతలుగా కనిపిస్తాయి. తయారీ విధానం విధించిన పరిమితిని, తయారీదారు అజ్ఞానాన్ని వేరువేరుగా గుర్తించడం న్యాయం.

7. కంటి పరిమితి

ఎంత సూక్ష్మవివరం ఉంటే నమూనా అంత గొప్పదన్న అభిప్రాయం వ్యాప్తిలో ఉంది. 1/700 విషయంలో ఇది నిలవదు.

నమూనాను మనం సుమారు 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తాం. 700తో హెచ్చిస్తే 210 మీటర్లు. అంటే ఈ నమూనాను చూడడం అసలు విమానాన్ని 210 మీటర్ల దూరం నుంచి చూడడంతో సమానం. ఆరోగ్యవంతమైన కన్ను సుమారు ఒక నిమిషం కోణం వరకు, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు వరకు, రెండు బిందువులను విడదీసి చూడగలదు. 210 మీటర్ల దూరంలో ఇది ఆరు సెంటీమీటర్లు. నమూనాపై 0.09 మి.మీ.

దీని నుంచి రెండు నియమాలు వస్తాయి. ఆరు సెంటీమీటర్లకు మించిన ప్రతి ఆకారమూ నమూనాలో ఉండాలి. అంతకు తక్కువ వివరాలు ఉండనక్కరలేదు, ఉంటే అవి అతిశయోక్తి. విమానదేహంపై లోహపురేకుల అతుకులను 0.1 మి.మీ. గాడిగా చెక్కితే, అసలు విమానంలో ఏడు సెంటీమీటర్ల సందు ఉన్నట్లు అవుతుంది. అటువంటి విమానం ఎగరదు. రివెట్లు, సన్నని అతుకుగీతలు స్పష్టంగా కనిపించే 1/700 విమానం వివరంగా ఉందని అనిపించినా, ప్రామాణికత విషయంలో వెనుకబడినదే. రెక్కల అంచులకూ ఈ నియమమే వర్తిస్తుంది. రెక్క వెనుక అంచు 0.3 మి.మీ. మందం ఉంటే అసలులో అది 21 సెంటీమీటర్ల దిమ్మె. అతుకుగీతలు లేకపోయినా అంచులు సన్నగా ఉన్న నమూనా మూలానికి మరింత దగ్గర.

కాక్‌పిట్ విషయంలోనూ ఇలాగే ఆలోచించాలి. 210 మీటర్ల దూరం నుంచి గాజుకప్పు లోపలి ఆసనం కనిపించదు, ముదురురంగులో మెరిసే ఆకారం మాత్రమే కనిపిస్తుంది. అందుచేత గాజుకప్పును ముదురురంగుతో చిత్రించడం తప్పించుకునే మార్గం కాదు, దూరాన్ని గౌరవించే మార్గం. ఈ నియమం ఒక స్కేలుకు చెప్పినది. 1/72 లో అదే 30 సెంటీమీటర్లు 21.6 మీటర్లకు సమానం కాబట్టి, అక్కడ ఆరు మిల్లీమీటర్ల వివరం కూడా కంటికి అందుతుంది. ఒక స్కేలుకు తగిన ప్రమాణాన్ని మరొకదానికి అన్వయించడం, శతకానికి ప్రబంధలక్షణాలు వెతకడం వంటిది.

8. రంగులు, చిహ్నాలు, అమరిక

ఒకే అచ్చు నుంచి వచ్చిన సీ హాక్‌ను బ్రిటిష్ విమానంగానూ, భారతీయ విమానంగానూ చూపవచ్చు. భేదమంతా గుర్తుల్లో ఉంటుంది. భారతీయ వైమానికచిహ్నంలో బయటివలయం కాషాయం, మధ్యది తెలుపు, నడుమ ఆకుపచ్చ. బ్రిటిష్ చిహ్నంలో బయట నీలం, నడుమ ఎరుపు. ఫ్రెంచి చిహ్నంలో బయట ఎరుపు, నడుమ నీలం. మిల్లీమీటరు ప్రమాణంలో ముద్రించిన డికాల్‌లో ఈ క్రమం తారుమారైతే విమానం దేశమే మారిపోతుంది. పరిమాణంలో అతిచిన్న ఈ దోషం అర్థంలో అతిపెద్దది.

రంగుల ముదురు, లేత విషయంలో నమూనాకారుల మధ్య ఏకాభిప్రాయం లేదు. దూరం పెరిగేకొద్దీ గాలిలోని తేమ, ధూళి వల్ల రంగు పలుచబడుతుంది కాబట్టి చిన్న స్కేలులో అసలు రంగును కొంత లేతపరచాలని ఒక వర్గం అంటుంది. అసలు రంగునే వాడాలని మరొక వర్గం అంటుంది. పైన చెప్పిన దూరనియమాన్ని అంగీకరించినవారు మొదటి వర్గం వైపు మొగ్గడం సహజం. ఏది ఎంచుకున్నా ఒకే డెక్‌పై నిలిచిన విమానాలన్నిటికీ, నౌకకూ అదే నియమాన్ని పాటించాలి.

అమరిక చివరి పరీక్ష. డెక్‌పై చోటు తక్కువ కాబట్టి సీ హాక్, అలిజే రెక్కలు పైకి ముడుచుకుంటాయి. అలిజే విస్తారం అప్పుడు ఏడు మీటర్లకు, అంటే నమూనాలో ఒక సెంటీమీటరుకు తగ్గుతుంది. సీ హారియర్ రెక్కలు ముడుచుకోవు. చోటు మిగుల్చుకోవడానికి దాని ముక్కులోని రాడార్ భాగం మాత్రం పక్కకు మడతపడుతుంది. నౌకాదళవిమానమంటే రెక్కలు ముడవాలన్న ఊహతో సీ హారియర్ రెక్కలను మడిచి చూపితే, అది లేఖకుడు తనకు తెలిసిన పద్యం అనుకొని పాదాన్ని సవరించినట్లు అవుతుంది. టి.యు.-142 వంటి విమానాలు నౌకాదళానికి చెందినవే అయినా నేలమీది స్థావరాల నుంచి ఎగిరేవి. విశాఖలో దాన్ని చూసిన విద్యార్థి అది కూడా విక్రాంత్ నుంచి ఎగిరిందని భావించకుండా ఉపాధ్యాయుడు ఈ భేదాన్ని చెప్పాలి. సుమారు యాభై మీటర్ల రెక్కల విస్తారం గల ఆ విమానానికి, 700 అడుగుల నౌక డెక్‌పై చోటు ఉండదని ఒక్క లెక్కతో చూపవచ్చు.

9. దోషాల తారతమ్యం

పై అంశాలకు మార్కులు వేసి కూడితే తీర్పు వస్తుందని అనిపించవచ్చు. కాని దోషాలన్నీ సమానమైనవి కావు. పాఠపరిష్కర్త అక్షరదోషాన్ని, ఛందోభంగాన్ని, అర్థభంగాన్ని, ప్రక్షిప్తాన్ని ఒకే తక్కెడలో వేయడు. ఇక్కడ కూడా నాలుగు అంతస్తులను గుర్తించవచ్చు.

మొదటిది అస్తిత్వదోషం. స్కీ-జంప్ నౌకపై సీ హాక్, ముడిచిన రెక్కల సీ హారియర్, భారతీయనౌకపై బ్రిటిష్ చిహ్నం ఇందుకు ఉదాహరణలు. ఇవి ఎన్నడూ లేనిదాన్ని ఉన్నట్లు చూపుతాయి. రెండవది ఆకృతిదోషం. నిష్పత్తులు, లక్షణాలు చెడడం ఇందులోకి వస్తుంది. మూడవది పరిమాణదోషం. రూపం నిలిచి మొత్తం పెరగడం, తగ్గడం దీని పరిధి. నాలుగవది వివరదోషం. అతుకుగీతల అతిశయం, పూడుకుపోయిన ద్వారాలు, మందపాటి అంచులు దీనికి చెందుతాయి.

పై అంతస్తులో ఒక దోషం ఉంటే కింది అంతస్తుల్లోని నైపుణ్యం దాన్ని పూరించదు. కింది అంతస్తులో చాలా దోషాలున్నా పై మూడూ శుద్ధంగా ఉంటే ఆ నమూనాను ప్రామాణికమనవచ్చు. నమూనాను కొన్నవారు వివరదోషాలను తమ చేతులతో సరిదిద్దుకోగలరు. అంచులను అరగదీయవచ్చు, గాడులను పూడ్చవచ్చు. అస్తిత్వదోషాన్ని సరిదిద్దడానికి చరిత్రజ్ఞానం కావాలి, అది లేనివారికి ఆ దోషం కనిపించనే కనిపించదు. అందుకే అది ఎక్కువ ప్రమాదకరం.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• నమూనాను పరీక్షించే ముందు అది ఏ నౌకకు, ఏ విమానరకానికి, ఏ సంవత్సరానికి ప్రతి అన్నది నిర్ణయించాలి. ‘విక్రాంత్ విమానం’ అన్న పేరు మాత్రమే చాలదు.

• మిగిలిన విమానాలు ఆకృతికి, నాటి ఛాయాచిత్రాలు చిహ్నాలకు, తయారీలెక్కలు కొలతలకు ప్రధానసాక్ష్యాలు. ఒకదాన్ని చూసి ఒకటి గీసిన చిత్తుపటాలను వేరువేరు సాక్ష్యాలుగా లెక్కించకూడదు.

• విడివిడి కొలతల కంటే నిష్పత్తి నమ్మదగిన పరీక్ష. తాళమానంలోని సూత్రం ఇక్కడా పనిచేస్తుంది.

• 1/700 లో నమూనాను చూడడం అసలును 210 మీటర్ల నుంచి చూడడమే. ఆ దూరంలో కనిపించనిదాన్ని చెక్కడం ప్రామాణికతను పెంచదు, తగ్గిస్తుంది.

• దోషాలను లెక్కపెట్టడం కంటే తూచడం ముఖ్యం. అస్తిత్వదోషం అన్నిటికన్నా బరువైనది.

సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ప్రచురించిన నాటి నుంచి తెలుగులో ప్రతులను పోల్చి పాఠాన్ని నిర్ణయించే పని సాగుతూనే ఉంది. ఆ పనిలో మనం నేర్చుకున్న జాగ్రత్తలు తాళపత్రాలకే పరిమితం కావు. మూలం నశించి ప్రతులు మాత్రమే మిగిలిన ప్రతిచోటా అవి అక్కరకు వస్తాయి. విక్రాంత్ వంటి నౌకల విషయంలో ప్రదర్శనశాలలు, కళాశాలల చరిత్రశాఖలు నమూనాలను ఏర్పాటు చేసేటప్పుడు, ప్రతి నమూనా పక్కన అది చూపే సంవత్సరాన్ని, విమానరకాన్ని, ఆధారపడిన సాక్ష్యాన్ని ఒక చిన్న పలకపై రాసి ఉంచితే, చూసేవారు దాన్ని ప్రశ్నించగలుగుతారు, తరువాతివారు సరిదిద్దగలుగుతారు.